చంకన బిడ్డతో మదనపల్లె చూడటమెలా?

మగవాడికి దేవుడు రెండు చేతులిచ్చింది వెనక్కి కట్టుకోడానికే! నమ్మకపోతే ఏ ఊరి బజారుకైనా వెళ్లి చూడండి. ముందు మగవాడు చేతులు వెనక్కి కట్టుకుని, గడ్డం పైకెత్తి, ఊరంతా తానే కొనబోతున్నట్టు నడుస్తుంటాడు. వెనక అతని భార్య చంకలో బిడ్డ, భుజాన సంచి, చేతిలో నీళ్ల సీసాతో వస్తుంటుంది. ఇద్దరూ చూసేది ఒకే ఊరు. కానీ ఎవరి భాగ్యం వారిది!

రెండేళ్లు నిండని బిడ్డను వెంటబెట్టుకుని, దారి తెలియని ఊళ్లో మూడు గంటలు కాలినడకన తిరగడమంత అదృష్టం ఆడదానికి మరొకటి లేదని ఈ వ్యాసంలో నిరూపించబోతున్నాను. ఈమధ్య వచ్చిన టూరు బస్సులు ఆ అదృష్టాన్ని మన చిత్తూరు జిల్లా ఆడవాళ్లకు ఇంటి గుమ్మం దగ్గరికే తెచ్చి ఇస్తున్నాయి. వాటిని తిట్టుకునేవాళ్లంతా ఇది చదివి లెంపలేసుకోవాలని మనవి.

పెద్ద దేశాల్లో పెద్ద ఓడలుంటాయట. ఓడ ఒక్కో రేవులో ఒక పూట ఆగుతుందట. దొరలూ దొరసానులూ దిగి, పసిబిడ్డను చక్రాల బండిలో కూర్చోబెట్టి తోసుకుంటూ రేవు పట్టణమంతా చుట్టి, ఓడ కూత వేసేసరికి మళ్లీ ఎక్కేస్తారట. ఇంకో సంగతి చెబితే మీరు నమ్మరు. ఆ బండిని ఒక్కోసారి దొరే తోస్తాడట! నలుగురూ చూస్తుండగా! సొంత బిడ్డను!

కుప్పానికి సముద్రం లేదు. ఏ దిక్కు పోయినా బండలే. అయినా మనకేం తక్కువ? మనకు శ్రీరాములున్నాడు. టూరు బస్సు మేనేజరు. వయసులో ఉన్నప్పుడు మద్రాసు హార్బరు దగ్గర ఒక క్యాంటీనులో రెండేళ్లు టీ కాచాడు. ఆ రెండేళ్లలో ఒక్క ఓడా ఎక్కలేదు గానీ, ఓడల గురించి ఆయనకు తెలిసినంత ఓడలు నడిపేవాళ్లకు కూడా తెలియదు.

ఎనభై మూడులో ఒక ఆదివారం తెల్లవారగానే కుప్పం రైల్వే స్టేషను బయట, బస్సు మెట్టు మీద నిలబడి, మెడలో విజిలు సవరించుకుని ఆయన ప్రకటించాడు.

"ఇది బస్సు కాదప్పా, ఓడ! పుంగనూరు ఒక రేవు. మదనపల్లె ఒక రేవు. సాయంత్రానికి హార్స్‌లీ కొండ. రేవులో దిగండి, కండ్లారా సూడండి, విజిలేస్తానే ఎక్కండి. ఓడ ఎవురి కోసరమూ నిలబడదు!"

మేమూ ఎక్కిన ఆ ఓడలో మూడో వరసలో కూర్చున్న కుటుంబం గురించే ఈ కథంతా. కుప్పం పక్క పల్లె నుంచి వచ్చిన పెద్దాయన మారప్ప, కొడుకు గంగాధరం, కోడలు విజయమ్మ, ఆమె ఒళ్లో మనవరాలు గంగులమ్మ. గంగులమ్మంటే ఎవరో ముసలమ్మ అనుకునేరు! చనిపోయిన నాయనమ్మ పేరు పెట్టారు. పేరుకు తగ్గ బరువు కూడా ఉంది. నడక వచ్చింది, ఎటు నడవాలో మాత్రం ఇంకా రాలేదు.

గంగాధరం పట్టుపురుగులు మేపే రైతు. ఆ పని చూస్తే ముచ్చటేస్తుంది. తట్టలు ముట్టే ముందు చేతులు కడుగుతాడు. మల్బరీ ఆకును పసివాడికి అన్నం కలిపినంత ఓపికగా తరుగుతాడు. పురుగు పొర విడిచే వేళ గట్టిగా ఊపిరి కూడా తీయడు. తట్టను రెండు అరచేతుల మీద ఎత్తి, రవ్వంత కూడా వంచకుండా ఇంకో వరసకు మారుస్తాడు. అది నాయన చూస్తుండగానే చేస్తాడు. అందులో సిగ్గేముంది?

బిడ్డను ఎత్తుకోవడం వేరు. కన్నతండ్రి ఎదుట కన్నబిడ్డను ఎత్తుకోకూడదు. అది మన మర్యాద! పురుగును ఎత్తితే రైతంటారు, బిడ్డను ఎత్తితే సిగ్గులేనివాడంటారు. మన పెద్దలు ఎంత ఆలోచించి పెట్టి ఉంటారో చూడండి. ఆడవాళ్లకు బరువు అలవాటు తప్పకుండా, మగవాళ్లకు నడుం నొప్పి రాకుండా, ఒక్క దెబ్బతో రెండూ సాధించారు.

ఇక్కడ ఒక చిన్న ఇబ్బంది ఉంది. మర్యాదకు దాంతో ఏ సంబంధమూ లేదు గనక ఒక్క మాటలో చెప్పేస్తాను. విజయమ్మకు ఎడమ చంకలో సెగ్గడ్డ లేచింది. అప్పటికి నాలుగు రోజులు. బిడ్డను ఎత్తుకుంటే కుడివైపే ఎత్తుకోవాలి. ఆ సంగతి మొగుడికి చెప్పింది. "టూరు అయినాక మందేసుకుందువులే" అన్నాడు. ఆమె టూరు మానేద్దామనుకోలేదు. మదనపల్లెలో చీర నేసే మగ్గం చూపిస్తారని శ్రీరాములు చెప్పాడు మరి. ఆరేళ్లుగా పురుగులకు ఆకు కోసి, మోసి, పెంట తీసిన మనిషి. ఆ పురుగు చీరగా ఎలా మారుతుందో ఒక్కసారి చూడాలని ఆమె కోరిక. అందుకు ఆమెకు కావలసింది ఒక్కటే. ఎక్కడో ఒకచోట, ఒక్క అరగంట, మొగుడు బిడ్డను అందుకోవాలి.

ఆడవాళ్ల ఆశలకు అంతుందా?

మొదటి రేవు పుంగనూరు. గంటసేపు. చూడవలసింది పాత జమీందారు మేడ. పసిబిడ్డతో మేడ చూడటంలో ఉన్న సుఖం ఏమిటంటే, మేడ చూడనక్కర్లేదు! గంగులమ్మకు మేడ మీద మోజు లేదు. మురుగుకాలువ మీద ఉంది. ఎత్తుకుంటే దింపమంటుంది. దింపితే కాలువ వైపు ఉరుకుతుంది. పట్టుకుంటే రోడ్డు మధ్య వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ ఏడుస్తుంది. ఆ గంటలో విజయమ్మ పుంగనూరులో మూడు కాలువలు, రెండు మేకపిల్లలు, ఒక సోడా దుకాణం బల్ల అడుగు భాగం క్షుణ్ణంగా చూసింది. ఏ గైడు చూపిస్తాడండీ ఇవన్నీ?

మేడ పక్క సందులో నడుమెత్తు కూడా లేని పొట్టి పుంగనూరు ఆవు, వెనకే దాని దూడ. దూడ పుట్టిన పూటే లేచి నడుస్తుంది. ఆవులు టూరు బస్సులకు రాకపోవడానికి కారణం అదే అయి ఉంటుంది.

మగవాళ్లందరూ వరసగా చేతులు వెనక్కి కట్టుకుని మేడ చూశారు. మారప్ప మాత్రం ఎదురుగా ఉన్న రైసు మిల్లు గోడకేసి తిరిగి, చాలాసేపు చూసి, తలాడించి, "జమీందార్లంటే జమీందార్లేప్పా! ఏమి కట్టినారు!" అన్నాడు. మాకందరికీ నవ్వొచ్చింది. పెద్దాయన ఎంత లోతుగా ఎత్తిపొడిచాడని మెచ్చుకున్నాం. నేనైతే నోటుబుక్కులో రాసుకున్నాను కూడా.

ఆ నవ్వుల మధ్యే విజయమ్మ మొగుడి దగ్గరగా వచ్చి, గొంతు తగ్గించి, "ఇదో, రవంత సేపు ఎత్తుకో. సెయ్యి పడిపోతాండాది" అంది.

"నాయన ముందరే ఉండాడు. కనపళ్లేదా నీకు?" అన్నాడు గంగాధరం, పెదాలు కదలకుండా.

కనపడింది. కొంగు నడుముకు చుట్టి, బిడ్డను మళ్లీ కుడి చంకకు ఎగదోసుకుంది.

రెండో రేవు మదనపల్లె. సరిగ్గా పన్నెండు గంటలు. ఎండ నెత్తి మీద నిలబడి ఉంది. శ్రీరాములు విజిలేసి, "మూడు గంటలు టైము! నీరుగట్టువారిపల్లెలో మగ్గాలుండాయి, నడిస్తే ఎంతోసేపు పట్టదు. బజారు సూసుకోండి. మూడుకు ఓడ కదుల్తాది!" అని తాను బస్సులోనే కాళ్లు చాపుకుని పడుకున్నాడు. ఓడ నడిపేవాళ్లు రేవులో దిగరట.

ఎంతోసేపు పట్టదన్న మాట నిజమే. చేతులు వెనక్కి కట్టుకుని నడిస్తే పట్టదు. బిడ్డతో నడిచేవాళ్లకు ఆ దారి సాగుతూనే ఉంటుంది. ఎంత ఎక్కువ దారి అయితే అంత ఎక్కువ ఊరు చూసినట్టు కదా! ఆ లెక్కన విజయమ్మ చూసినంత మదనపల్లె మాలో ఎవరూ చూడలేదు. గంగులమ్మ దారిలో రెండుసార్లు చెప్పు పారేసుకుంది. ఒకసారి తడిపింది. గాజుల దుకాణంలో ఒక వరస గాజులు లాగబోయి, దుకాణం అతను అరిస్తే, ఆయన కంటే గట్టిగా అరిచింది. సగం దారిలో గంగాధరం మనసు కరిగింది. వెనక్కి వచ్చి, అటూ ఇటూ చూసి, "సంచి ఇటియ్యి" అన్నాడు. సంచిలో ఉన్నవి బిడ్డ పొడి బట్టలు. వాటిని వీపు వెనక, దొంగసొత్తు దాచినట్టు పట్టుకుని మళ్లీ నాయన వెనక చేరాడు. పాఠకులారా, ఆ త్యాగాన్ని మనం తక్కువ చేయకూడదు.

కుడి చెయ్యి తిమ్మిరెక్కి, మగ్గాల వీధి మలుపులో విజయమ్మ బిడ్డను ఎడమకు మార్చుకుంది. ఒక్క నిమిషమే. ఆ నిమిషంలోనే గడ్డ చితికింది. రవిక తడిసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగు నిండుగా కప్పుకుని, బిడ్డను మళ్లీ కుడికి మార్చుకుని నడిచింది. ఇదంతా నాకెలా తెలుసంటారా? ఆమె తర్వాత మా ఆవిడతో చెప్పుకుంది. మా ఆవిడ నాకు చెప్పింది. ఏ గొంతుతో చెప్పిందో అడక్కండి.

మగ్గం ఇంటి గుమ్మం దగ్గర నేతగాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"బిడ్డను లోపలికి తేవొద్దమ్మా. పోగు పట్టి లాగిందంటే నా నెల పని పోతాది."

న్యాయమైన మాట. మగవాళ్లు లోపలికి వెళ్లారు. మారప్ప వెళ్లాడు, వెనక గంగాధరం వెళ్లాడు, నేనూ వెళ్లాను. విజయమ్మ బయట ఎండలో నిలబడి మగ్గం చప్పుడు వింది. చూడటం కంటే వినడంలో ఊహకు ఎక్కువ చోటుంటుంది కదా!

ఆ చప్పుడులోకి ఇంకో చప్పుడు వచ్చింది. నాలుగు చక్రాల తోపుడు బండి. బండి నిండా బొరుగులు, వేరుశెనగలు, పప్పులు. తోస్తున్నది అబ్దుల్ సత్తార్. యాభై దాటిన మనిషి. ఆ వీధిలో రోజూ తిరిగే బండి అది.

"ఏమ్మా, అట్లా ఒంగిపోతుండావు? కూర్చోబెట్టు బిడ్డను బండి మీద" అన్నాడు.

"వొద్దులేన్నా. బొరుగులంతా పారబోస్తాది."

"పారబోస్తే ఏమి, కాకులు తింటాయి. మా ఇంటామె ఖదీజాకు ఐదుమంది బిడ్డలు. ఐదుమందీ ఈ బండి మీదే పెరిగినారు. ఇయ్యి ఇటు."

చేతులు చాచి, ఒక చెయ్యి కింద, ఒక చెయ్యి వీపు మీద పెట్టి, ఎంత సులువుగా అందుకున్నాడంటే, గంగులమ్మ ఏడవడం కూడా మరిచిపోయింది. గోనెసంచి మడిచి, బొరుగుల మూటల మధ్య కూర్చోబెట్టాడు. బండి కదిలింది. గంగులమ్మ ఒకసారి "హై!" అంది. జీవితంలో ఆమె మొదటిసారి కూర్చుని ఊరు చూసింది.

"మీ నాయన ముందర గూడా బిడ్డల్ని ఎత్తుకుంటాంటివా అన్నా?" అని అడిగింది విజయమ్మ. ఎందుకడిగిందో ఆమెకే తెలియదు.

"ఎత్తుకుంటి. తిట్టినాడు. తిట్టి తిట్టి అలిసిపోయి, తర్వాత ఆయనా ఎత్తుకున్నాడు" అని నవ్వాడు సత్తార్. "పోమ్మా, పోయి మగ్గం సూసుకోనిరా. ఈ వీధి దాటిపోను."

విజయమ్మ లోపలికి వెళ్లింది. రెండు చేతులూ ఖాళీ. ఆ చేతులను ఏం చేయాలో తెలియక కొంగు చివర పట్టుకుంది. మగ్గం మీద ముదురు వంకాయ రంగు చీర సగం దాకా దిగి ఉంది. నేతగాడు కాలు నొక్కినప్పుడల్లా పోగులు విడిపోయి, మళ్లీ కలుస్తున్నాయి. ఆమె వంగి, దగ్గరగా చూసింది. ఒక్కో పోగూ ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలుసు. ఏ పురుగు నోట్లోంచి, ఏ ఆకు తిని, ఆ ఆకు ఏ ఎండలో ఎవరు మోస్తే! అప్పుడామెకు నిజంగా సంతోషం కలిగింది. ఆ రోజు మొత్తంలో అంతే, పది నిమిషాలు.

పక్కన నిలబడ్డ గంగాధరం ఆమె ఖాళీ చేతులు చూసి ఉలిక్కిపడ్డాడు. "బిడ్డ యాడ?" అన్నాడు.

"నాయన ముందరుండాడు. ఆ మాట అడగొచ్చునా?" అంది విజయమ్మ, మగ్గం మీంచి చూపు తిప్పకుండా.

మూడుకు పది నిమిషాలుందనగా అందరం బస్సు దగ్గరికి తిరిగి వస్తున్నాం. ముందు మగవాళ్లు. వెనక ఆడవాళ్లు. అందరికంటే వెనక సత్తార్ తోపుడు బండి, దాని మీద బొరుగులు రెండు గుప్పిళ్లా పట్టుకుని, దొరబిడ్డలాగా గంగులమ్మ. అమ్మడం మానుకుని అంత దూరం తోసుకొచ్చాడు ఆయన. బండి బస్సు పక్కన ఆగింది. శ్రీరాములు విజిలేశాడు. విజయమ్మ తప్ప అందరూ ఎక్కారు. మారప్ప ఈసారి తలుపు పక్క సీటులో కూర్చున్నాడు. గంగాధరం మెట్టు మీద నిలబడ్డాడు.

విజయమ్మ బిడ్డను దింపబోయింది. కుడి చెయ్యి లేవలేదు. ఎడమ చెయ్యి లేపితే ఒళ్లంతా జలదరించింది. గంగులమ్మకేమో బండి దిగే ఉద్దేశమే లేదు. సత్తార్ ఎత్తి అందించబోతే ఆయన మెడ పట్టుకుని వేలాడింది.

"ఎవురప్పా ఈ బిడ్డ నాయన?" అని కేకేశాడు శ్రీరాములు. "పొద్దుట్నించీ సూస్తాండా, ఈ బిడ్డకు నాయనుండాడా లేడా? ఉంటే దిగి ఎత్తుకోండి! ఓడ నిలబడదు!"

బస్సంతా కిటికీల్లోంచి చూసింది. గంగాధరం ముఖం ఎర్రబడింది. ఒకసారి బిడ్డను చూశాడు, ఒకసారి నాయనను చూశాడు. కాలు మెట్టు దిగలేదు.

"యాలరా నిలబడిపోయినావు?" అన్నాడు మారప్ప.

"నువ్వుండావు కదా నాయనా" అన్నాడు గంగాధరం.

"నేనుంటే?"

"నీ ముందర... బిడ్డను ఎట్లా..."

మారప్ప కొడుకు గొంతు వినిపించిన వైపు తల తిప్పాడు. తర్వాత కోపమో దుఃఖమో తెలియని గొంతుతో అన్నాడు.

"నాకు సూపు ఆనక రెండేండ్లాయె కదరా! కండ్లకు పొర వొచ్చుండాది. సెప్తే నన్ను ఇంట్లోనే కూర్చోబెడతారని ఎవురితోనూ సెప్పలా. నువ్వు ఎత్తుకున్నావో దింపినావో నాకు యాడ కనిపిస్తాది? పొద్దుట్నించీ బిడ్డ నీ సేతిలోనే ఉండాదనుకుంటాండా!"

రైసు మిల్లు గోడ అప్పుడర్థమైంది నాకు. నోటుబుక్కులో ఆ పేజీ తర్వాత చించేశాను.

గంగాధరం దిగాడు. చేతులు చాచాడు. పొర విడిచే పురుగుల తట్టను అందుకునేటప్పుడు చాచినట్టే, రెండు అరచేతులూ పైకి, సమానంగా. అతనికి తెలిసిన ఎత్తుకోవడం అదొక్కటే. గంగులమ్మ ఆ చేతులను చూసింది. ఆ ముఖాన్ని చూసింది. రోజూ ఇంట్లో కనిపించే మనిషే. కానీ ఆ చేతులు ఆమెవైపు రావడం ఎన్నడూ చూడలేదు. సత్తార్ మెడను ఇంకా గట్టిగా కరుచుకుని, గుక్కపట్టి ఏడ్చింది.

"పో బేటీ, నీ నాయన. పోమ్మా" అని సత్తార్ ఎంతో బుజ్జగించాడు. "అట్లా కాదప్పా, ఒక చెయ్యి కింద పెట్టు, ఒకటి ఈపు మీద" అని నేర్పించబోయాడు. గంగాధరం ప్రయత్నించాడు. పాపం, నిజంగానే ప్రయత్నించాడు. బిడ్డ ఒళ్లు విల్లులా వంచి, కాళ్లతో తన్ని, అమ్మ కోసం చేతులు చాచింది.

శ్రీరాములు మళ్లీ విజిలేశాడు. విజయమ్మ పళ్లు బిగబట్టి బిడ్డను అందుకుంది. కుడి చెయ్యి పని చేయలేదు గనక ఎడమ చంకకే ఎత్తుకుంది.

బస్సు కదిలింది. సత్తార్ బండి తిప్పుకున్నాడు. ఊరు దాటాక మారప్ప, తల ముందుకే ఉంచి, మెత్తగా అడిగాడు.

"ఇప్పుడు నీ ఒళ్లోనే ఉండాదా రా బిడ్డ?"

గంగాధరం తన ఒడి చూసుకున్నాడు. పక్కన కళ్లు మూసుకుని కూర్చున్న భార్యను చూశాడు.

"ఉండాది నాయనా" అన్నాడు.

"జాగర్త. నిద్రపోతాంటే తల కింద సెయ్యి పెట్టు."

"సరే నాయనా."

చూశారా, మర్యాద ఎలా నిలబడిందో! పెద్దాయన మనసు నొవ్వలేదు, కొడుకు చెయ్యి నొవ్వలేదు. నొవ్వవలసిన చెయ్యే నొచ్చింది. ఇంత చక్కగా అమరిన సంసారాలు దొరల ఓడల్లో వెతికినా దొరకవు. కాబట్టి టూరు బస్సులు ఇంకా రావాలి, రేవులు ఇంకా పెరగాలి, మూడు గంటలను ఆరు గంటలు చేయాలి.

ఇక్కడితో వ్యాసం ముగించి, ఎలా ఉందని మా ఆవిడకు చదివి వినిపించాను. ఆ బస్సులో ఆఖరి వరస మాది. ఆమె అంతా విని, "బాగుండాది. ఆ పొద్దు మన పిల్లోడు ఎవురి చంకలో ఉండాడో అది గూడా రాయి" అని లేచి వెళ్లిపోయింది.

రాస్తున్నాను. ఆ ఓడలో పద్దెనిమిది మంది మగవాళ్లం. ముప్పై ఆరు చేతులు. కుప్పం నుంచి హార్స్‌లీ కొండ దాకా వాటిలో ఏ ఒక్కదాని మీదా ఏ బిడ్డా కూర్చోలేదు. వాటిలో ఒకదానితోనే ఈ వ్యాసం రాశాను.